నాయకుడి మాట మీద వచ్చే పోస్టా, పరీక్ష రాసి తెచ్చుకున్న పోస్టా?

ప్రశ్న: నాకు ముప్పై మూడేళ్ళు. రాయలసీమలో ఒక పట్టణంలో ఎనిమిదేళ్ళుగా క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే మేజిస్ట్రేటు కోర్టుల్లో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే వకీలు) పరీక్ష రాస్తే ఈసారి సెలెక్షన్ లిస్టులో పేరు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. మా సీనియర్ గారు మాత్రం "అందులో చేరితే మేజిస్ట్రేటు కోర్టులోనే జీవితం అయిపోతుంది, హైకోర్టుకు పో" అంటున్నారు. అదే సమయంలో మా బంధువు ఒకాయన, తమ నాయకుడితో చెప్పి అమరావతిలో హైకోర్టులో అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్‌గా (ఏజీపీ) వేయిస్తానని మాట ఇచ్చారు. ఏనాటికైనా రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద వకీలైన అడ్వకేట్ జనరల్ (ఏజీ) స్థాయికి వెళ్ళాలని, లేదంటే జడ్జి కావాలని నా కోరిక. హైకోర్టులో ఒకసారి ఏజీ గారు భూసేకరణ కేసు వాదిస్తుంటే చూశాను, అప్పటి నుంచి ఆ ఆశ. మాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి లోను ఉంది. ఏ దారిలో వెళ్ళాలి? ఇంకొక భయం కూడా ఉంది. సర్కారు వకీలు అయ్యాక పైనుంచి ఒత్తిడి వస్తే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన భయాన్ని ముందు పెట్టుకుంటే మిగతా ప్రశ్నలకు జవాబు దానంతట అదే వస్తుంది. సర్కారు తరఫున నిలబడే వకీలుకు పేరు వచ్చినా పోయినా ఒక్కచోటే. తన దగ్గరకు వచ్చిన ఫైలు మీద "ఇది కుదరదు" అని రాయాల్సిన రోజున రాశారా లేదా అన్నదే చూస్తారు. కాబట్టి ఏ కుర్చీలో ఉంటే ఆ మాట రాయగలుగుతారో ఆ కుర్చీ తీసుకోండి. నా లెక్కలో అది ఏపీపీ. చేరండి.

ఇది గుడ్డిగా చెప్పడం లేదు. మీ సీనియర్ గారి మాటలో నిజం ఉంది, ముందు దాన్ని ఒప్పుకోవాలి. అడ్వకేట్ జనరల్ పదవికి ఏపీపీ ఉద్యోగం మెట్టు కాదు. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం హైకోర్టు జడ్జి కావడానికి అర్హత ఉన్నవారినే గవర్నరు ఆ పదవిలో నియమించాలి. ఆచరణలో ఆ ఎంపిక ప్రభుత్వానిదే. ప్రభుత్వాలు సాధారణంగా చూసేది హైకోర్టులో ఏళ్ళ తరబడి రిట్లు (ప్రభుత్వ చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లు), అప్పీళ్ళు వాదించి, బెంచి ముందు మాటకు విలువ తెచ్చుకున్న వకీళ్ళనే. మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారిని చూడండి. నెల్లూరు జిల్లా పూడూరులో 1883లో పుట్టారు. పూజారి గారి అబ్బాయి. మద్రాసు వెళ్ళి సొంత ప్రాక్టీసుతో నిలదొక్కుకున్నాక 1929లో మద్రాసు అడ్వకేట్ జనరల్ అయ్యారు. 1944 దాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆ తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులయ్యారు. ఆయన తర్వాత ఏజీ అయిన పి.వి. రాజమన్నార్ గారూ మన తెలుగువారే. ఆయన హైకోర్టు జడ్జి అయ్యి, 1948 నుంచి 1961 వరకు మద్రాసు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. ఇద్దరూ బారు నుంచి, అంటే వకీళ్ళుగా సొంత ప్రాక్టీసు నుంచి, నేరుగా పైకి వచ్చినవాళ్ళే.

అయితే మీ సీనియర్ గారు చెప్పింది సొంత ప్రాక్టీసు దారి. మీ బంధువు చెప్పింది వేరు. ఈ రెండూ మీ ఉత్తరంలో ఒకటే అయిపోయాయి. "హైకోర్టుకు పో" అంటే అక్కడ ఒక మంచి ఆఫీసులో చేరి, మూడు నాలుగేళ్ళు వచ్చినంతలో గడుపుకుని, రిట్ పిటిషన్లు డ్రాఫ్టు చేయడం నేర్చుకుని, మెల్లగా సొంత వకాల్తాలు తెచ్చుకోవడం. ఇంటి లోను, ఇద్దరు పిల్లలు, ఊరు మారడం, వీటన్నిటి మధ్య అది మీ ఇంటికి ఈరోజు సాధ్యమా? మీ వారితో కూర్చుని నెల ఖర్చు కాగితం మీద రాసుకుని చూడండి. సాధ్యమే అని తేలితే నా సలహా పక్కన పెట్టి మీ సీనియర్ గారి మాట వినండి. నాకు మాత్రం మీ ఉత్తరంలో ఆ వెసులుబాటు కనిపించలేదు.

ఇక ఏజీపీ సంగతి. ఆ పోస్టును తక్కువ చేసి మాట్లాడను. గవర్నమెంటు ప్లీడర్ల ఆఫీసు నుంచి బెంచికి వెళ్ళిన పెద్దలు మన దగ్గరే ఉన్నారు. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు 1988 నుంచి 1990 వరకు ఉమ్మడి రాష్ట్ర హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరుగా చేశారు, తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. జస్టిస్ ఎన్.వి. రమణ గారు 2000లో హైకోర్టు జడ్జి కావడానికి ముందు అదనపు అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. ఆ ఆఫీసులో పని చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే రెవెన్యూ, పంచాయతీరాజ్, మున్సిపల్ అంటూ ఒక్కో శాఖ కట్టలు వస్తాయి. అడ్మిషన్ దశలోనే నోటీసు తీసుకోవాలి, ఇన్‌స్ట్రక్షన్స్ కోసం టైము అడగాలి, శాఖ నుంచి పేరావారీ రిమార్కులు తెప్పించుకోవాలి, కౌంటరు (ప్రభుత్వం తరఫు రాతపూర్వక జవాబు) వేయించాలి. తహసీల్దారు ఫోను ఎత్తడు, వాయిదా మాత్రం వచ్చేస్తుంది. ఆ ఒత్తిడిలో రెండేళ్ళు నిలబడినవాళ్ళు సర్వీసు చట్టం, భూమి చట్టం బాగా నేర్చుకుంటారు. అది నిజమైన చదువు.

ఇబ్బంది ఆ పోస్టులో కాదు, అది మీకు వస్తున్న తీరులో ఉంది. 2000 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో న్యాయశాఖ 187 నంబరు జీవోతో లా ఆఫీసర్ల, అంటే ప్రభుత్వ వకీళ్ళ, నియామకాలకు సూచనలు ఇచ్చింది. వాటి ప్రకారం ఇది ఉద్యోగం కాదు, మూడేళ్ళ గడువున్న నియామకం. గౌరవ వేతనం మీద పని. ఒక నెల నోటీసుతో ముగించవచ్చు. ప్రభుత్వం మారితే ఏజీ దగ్గర నుంచి మొదలుపెట్టి చాలామంది రాజీనామాలు ఇస్తారు, ఇవ్వనివాళ్ళను పంపించేస్తారు. కోర్టులు దీనికి కొంత కళ్ళెం వేశాయి. ఉత్తరప్రదేశ్‌లో 1990లో ఒక్క సర్క్యులరుతో జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులందరినీ తీసేస్తే, శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ వకీళ్ళ విషయంలో కూడా ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు చేయకూడదని, సమానత్వం గురించిన 14వ అధికరణ ఇక్కడా వర్తిస్తుందని చెప్పింది. 2016లో పంజాబ్ ప్రభుత్వానికి సంబంధించిన బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో, నియామకాలు పారదర్శకంగా, అర్హత చూసి చేయాలని మళ్ళీ చెప్పింది. చెప్పినంత మాత్రాన నాయకుల ఇళ్ళ ముందు బయోడేటాలు పట్టుకుని నిలబడేవాళ్ళు తగ్గలేదు.

మీ బంధువు గారి మంచితనాన్ని నేను శంకించడం లేదు. కానీ ఆ నాయకుడి మాట మీద పోస్టు వస్తే, రేపు ఆయన అనుచరుడి భూమి కేసు మీ కట్టలోనే వస్తుంది. కౌంటరు ఆలస్యం చేయమంటారు. లేదా ఒక పేరా తీసేయమంటారు. అప్పుడు మీరు ఏం చెప్పగలరు? కాదంటే కృతజ్ఞత లేదంటారు, ఒప్పుకుంటే మీ పేరు పోతుంది. మీ పని చూసి ఏజీ ఆఫీసువాళ్ళే పిలిచి ఇస్తే ఏజీపీ పోస్టును రెండు చేతులా తీసుకోండి. ఇలా మాత్రం వద్దు.

ఏపీపీ పోస్టు మీరు పరీక్ష రాసి తెచ్చుకున్నది. ఎవరికీ బాకీ లేరు. ఈ ఒక్క కారణం చాలు నాకు. జీతం, పెన్షన్ల మాట మీ ఇంట్లోవాళ్ళు ఎలాగూ చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. నెల మొదట జీతం పడుతుందని తెలిసిన మనిషి ఫైలు మీద కలం పెట్టేటప్పుడు చెయ్యి వణకదు.

మేజిస్ట్రేటు కోర్టును చిన్నచూపు చూడకండి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ళకు మించి శిక్ష వేయలేరు, కాబట్టి అక్కడ పేపర్లలో వచ్చే కేసులు ఉండవు. ఉండేవి దొంగతనాలు, మోసాలు, లారీ గుద్దిన కేసులు, భార్యను వేధించిన కేసులు. కానీ మామూలు మనిషికి న్యాయస్థానం అంటే ఆ గదే. కట్నం వేధింపుల కేసులో భర్త తరఫున ఇద్దరు వకీళ్ళు ఉంటారు. ఆ అమ్మాయి తరఫున ఆ గదిలో మాట్లాడాల్సింది ఏపీపీ ఒక్కరే. ఆమెకు వకీలును పెట్టుకునే డబ్బు ఉండదు, మూడు వాయిదాలకు పనిమానుకుని వచ్చి సాక్ష్యం కాకుండానే తిరిగి వెళ్ళిపోయి ఉంటుంది. నాలుగో వాయిదాకు రాజీ కాగితం మీద వేలిముద్ర వేసి, సాక్షి బోనులో నిలబడి "నాకేం తెలియదండీ" అంటుంది. హోస్టైల్ (ఎదురు తిరిగిన సాక్షి) అని రాసి పక్కన పెట్టేస్తారు. సాక్షిని బోనెక్కించే ముందు పావుగంట కూర్చోబెట్టుకుని, పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం ఆమెకు చదివి వినిపించి, భయపడకు అని చెప్పే ఏపీపీ ఉంటే ఆ కేసు వేరేలా నడుస్తుంది. ఇలా చేసేవాళ్ళు మన కోర్టుల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడా అచ్చు కావు, కానీ ఆ ఊరి బారులో అందరికీ తెలుసు. మీరు అలాంటి ఏపీపీ అయితే చాలని నా కోరిక, మీ కోరిక ఇంకా పెద్దదైనా సరే.

జడ్జి కావాలన్న ఆశకు ఈ ఉద్యోగం అడ్డం కాదు. చాలామంది యువ వకీళ్ళు, సర్కారు ఉద్యోగంలో చేరితే అడ్వకేటు అన్న హోదా పోతుందనీ, జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా దరఖాస్తు పెట్టలేమనీ అనుకుంటారు. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. జీతం తీసుకుంటున్నా, రాజ్యం తరఫున కోర్టులో నిలబడి వాదించడమే పని అయిన ప్రాసిక్యూటరు అడ్వకేటే, జిల్లా జడ్జీల నియామకం గురించిన 233వ అధికరణలోని ఏడేళ్ళ అర్హతకు ఆ కాలం లెక్కలోకి వస్తుందని చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, గట్టిగా గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు పెట్టే రోజుకు కూడా మీరు అడ్వకేటుగా కొనసాగుతూ ఉండాలి. అందుకని కొన్నేళ్ళ తర్వాత ఎవరైనా డెప్యుటేషన్ మీద ఏదో ఒక శాఖలో లీగల్ అడ్వైజరుగా రమ్మంటే, అక్కడ కోర్టులో నిలబడే పని ఉందో లేదో చూసుకోకుండా ఒప్పుకోవద్దు. రోజూ ఫైళ్ళ మీద అభిప్రాయాలు రాయడమే పని అయితే ఈ అర్హతకే ముప్పు. జిల్లా జడ్జి పోస్టుకు వయోపరిమితి, రిజర్వేషన్ సడలింపులు ప్రతి నోటిఫికేషన్‌లోనూ చూసుకోవాలి. మీకు ఇంకా సమయం ఉంది.

ప్రాసిక్యూషన్ శాఖలో కూడా పై మెట్లు ఉన్నాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షను ప్రకారం డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్ కావడానికి పదిహేనేళ్ళ అడ్వకేటు అనుభవం కావాలి, లేదా సెషన్స్ జడ్జిగా చేసి ఉండాలి. అసిస్టెంట్ డైరెక్టరుకు ఏడేళ్ళు చాలు. సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరుకూ ఏడేళ్ళే. హైదరాబాదులోగానీ అమరావతిలోగానీ న్యాయశాఖ కార్యదర్శి కుర్చీ మీద ఆశ ఉంటే, అక్కడికి సాధారణంగా వెళ్ళేది జిల్లా జడ్జీలే. కాబట్టి అదీ ఇదే దారిలోనే వస్తుంది. ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖలో ఇండియన్ లీగల్ సర్వీసు అని ఒకటి ఉంది, 1957లో పెట్టారు. యూపీఎస్సీ ద్వారా నియామకాలు జరుగుతాయి. బిల్లులు రాయడం మీద ఆసక్తి ఉంటే అది చాలా మంచి చోటు. మీ ఉత్తరం చదివితే మీది కోర్టు గదిలో నిలబడే మనసు అనిపించింది, అందుకని దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇప్పుడు ఒత్తిడి విషయం. ఏపీపీకి అది ప్రధానంగా రెండు వైపుల నుంచి వస్తుంది.

మొదటిది పోలీసుల వైపు నుంచి. మీరు సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు జూనియర్ కాదు. 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాసిక్యూటరు దర్యాప్తు సంస్థలో భాగం కాదని స్పష్టంగా చెప్పింది. 2000లో ఆర్. సరళ కేసులో, ఛార్జిషీటు వేయాలా వద్దా అన్నది దర్యాప్తు అధికారి సొంతంగా నిర్ణయించుకోవాలి, ప్రాసిక్యూటరు అభిప్రాయాన్ని అతని మీద రుద్దకూడదు అంది. అంటే వాళ్ళ పని వాళ్ళది, మీ పని మీది. ముద్దాయికి అనుకూలంగా ఉన్న కాగితం ఫైల్లో ఉంటే దాన్ని దాచమని ఎవరు చెప్పినా దాచకండి. శిక్ష పడేలా చేయడం మీ ఉద్యోగం కాదు, నిజం కోర్టు ముందు పెట్టడం మీ ఉద్యోగం. కోర్టు డ్యూటీ కానిస్టేబులుతో మాత్రం మర్యాదగా ఉండండి. సమన్లు సాక్షికి చేరడం, చేరకపోవడం చాలావరకు అతని చేతిలో ఉంటుంది.

రెండవది, ఇదే బరువైనది, కేసుల ఉపసంహరణ. ప్రభుత్వం మారాక కొన్ని కేసులు ఎత్తేస్తూ జీవో వస్తుంది. దాని కాపీ మీ టేబుల్ మీదకు వస్తుంది, పిటిషన్ వేయమంటారు. చాలామంది జీవో నంబరు పిటిషన్లో రాసి వేసేస్తారు. చట్టం అది ఒప్పుకోదు. పాత కోడ్‌లో 321, ఇప్పుడు సురక్షా సంహితలో 360వ సెక్షను చూడండి. ఉపసంహరించే అధికారం ఆ కేసు చూస్తున్న పబ్లిక్ ప్రాసిక్యూటరుకు లేదా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఉంది, అదీ కోర్టు అనుమతితోనే. జీవో మీకు సూచన మాత్రమే. రికార్డు చదివి, ఈ కేసు ఎత్తేయడం ప్రజలకు మేలు అని మీకు మీరుగా అనిపించాలి. కొత్త చట్టంలో ఇంకొకటి చేర్చారు, బాధితుల మాట వినకుండా కోర్టు అనుమతి ఇవ్వకూడదు. ఎంపీలు, ఎమ్మెల్యేల మీద ఉన్న కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయడానికి వీల్లేదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పుడు ఆ బెంచికి నేతృత్వం వహించింది పైన చెప్పిన ఎన్.వి. రమణ గారే.

కొన్ని కేసులు నిజంగానే ఎత్తేయదగ్గవి ఉంటాయి. ధర్నాలో నిలబడిన రైతుల మీద, విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఏళ్ళ తరబడి నడుస్తుంటాయి. అలాంటి వాటికి మనస్ఫూర్తిగా, కారణాలు రాసి పిటిషన్ వేయండి. మనసు ఒప్పుకోని కేసు వస్తే నోటిమాటగా వాదన పెట్టుకోవద్దు, ఫోనులో అసలే వద్దు. ఏ సాక్ష్యం ఉంది, ఎందుకు ఉపసంహరణ సరికాదు అనేది రెండు పేజీల్లో మీ పై అధికారికి రాసి పంపండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వాళ్ళు ఆ కేసును వేరే ప్రాసిక్యూటరుకు అప్పగించవచ్చు. మిమ్మల్ని బదిలీ కూడా చేయవచ్చు. అది జరుగుతుందని ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. బదిలీతో పిల్లల బడి మారుతుంది, అదీ కష్టమే. కానీ పరీక్ష రాసి చేరిన మనిషిని బదిలీ చేయగలరు గానీ నెల నోటీసుతో ఇంటికి పంపలేరు.

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు కూడా ఇదే పరీక్ష ఎదుర్కొన్నారు. ఎల్ఐసీ డబ్బు ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన వ్యవహారం మీద 1958లో చాగ్లా కమిషన్ కూర్చుంది. దేశపు మొదటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ ఆ కమిషన్‌కు సహాయకుడిగా నిలబడ్డారు. ఇరుకున పడేది తనను నియమించిన ప్రభుత్వంలోని ఆర్థిక మంత్రే అయినా వెనక్కి తగ్గలేదు. ఆ మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. సెతల్వాడ్ మాత్రం 1963 దాకా అదే పదవిలో ఉన్నారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టగానే అదనపు సొలిసిటర్ జనరల్ ఫాలీ నారిమన్ రాజీనామా చేశారు. అదే ఎమర్జెన్సీలో, నిర్బంధంలో ఉన్నవాళ్ళు కోర్టుకు వెళ్ళవచ్చా అన్న జబల్‌పూర్ ఏడీఎం కేసు విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అప్పటి అటార్నీ జనరల్ నిరేన్ డేను ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు అధికారి పగతో ఒక మనిషిని చంపేస్తే కోర్టులో దారి ఉంటుందా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ఆయన జవాబు ఇవ్వాల్సి వచ్చింది. నిరేన్ డే 1968 నుంచి 1977 దాకా అటార్నీ జనరల్. అంత పెద్ద లాయరు, అన్నేళ్ళ పదవి. ఈరోజు ఆయన పేరు వినగానే న్యాయవాదులకు గుర్తొచ్చేది ఆ ఒక్క జవాబు. మీరు ఏజీ కావాలనుకుంటున్నారు కాబట్టి ఈ ముగ్గురి గురించీ చదవండి.

మీ సీనియర్ గారి బాధ ఒకటి సరైనది. క్రిమినల్ వైపే ఉండిపోతే సివిల్, రిట్ల వైపు చెయ్యి తిరగదు. జిల్లా జడ్జి పరీక్షలో అది దెబ్బ కొడుతుంది. అందుకని వారానికి కనీసం ఒక హైకోర్టు తీర్పు, సర్వీసు లేదా భూమి విషయంలోది, పూర్తిగా చదివి ఒక పేజీ నోట్సు రాసుకోండి. ఆస్తి బదిలీ చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ పుస్తకాలు అటకెక్కించకండి. పదేళ్ళు చేశాక కూడా హైకోర్టు మీద ఆశ తగ్గకపోతే రాజీనామా చేసి వెళ్ళే దారి కూడా ఉంది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్ళవుతారు, లోను తీరుతుంది.

బంధువు గారికి నేరుగా కాదనకండి, మాట మర్యాదగా ఉండాలి. "లిస్టులో పేరు వచ్చింది బాబాయ్, ఇందులో చేరుతున్నాను, మీరు నా గురించి ఆలోచించినందుకు సంతోషం" అంటే చాలు. వరస ఏదైతే అది వాడండి. కారణాలు చెప్పాల్సిన పని లేదు.

చేరే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, చాలామంది మర్చిపోతారు. మీ పేరు మీద ఉన్న వకాల్తాలన్నీ తీయండి. ప్రతి క్లయింటుకూ చెప్పి, నో అబ్జెక్షన్ ఇచ్చి, కట్టలు వేరే వకీలుకు అప్పగించండి. తీసుకున్న ఫీజులో చేయని పనికి తగ్గ డబ్బు తిరిగి ఇచ్చేయండి. ఈ ఎనిమిదేళ్ళలో మీరుగానీ మీ సీనియర్ ఆఫీసుగానీ ముద్దాయిల తరఫున నిలబడిన కేసుల జాబితా ఒకటి, నేర నంబరు, స్టేషను పేరుతో సహా రాసుకోండి. మీకు పోస్టింగు ఇచ్చిన కోర్టులో అవి ఉంటే, ఆ కేసుల్లో నేను ప్రాసిక్యూషన్ తరఫున నిలబడకూడదని చేరిన రోజే పై అధికారికి రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.